కాకి ముద్ద తిన్న బాతు

ముప్పై ఒక్క ఏళ్ళు ఎక్సైజు శాఖలో పనిచేశాను. ప్రకాశం జిల్లాలో నేను పగలగొట్టించిన సారా కుండలకి లెక్కలేదు. అలాంటివాణ్ణి డెబ్భై రెండో ఏట అమెరికా వచ్చి దొంగనయ్యాను. అదీ మామూలు దొంగతనం కాదు. కాపలావాడి చొక్కా తొడుక్కుని మరీ చేశాను. ఆ చొక్కా నారింజ రంగుది, చేతులుండవు, వీపు మీద ఇంతింత అక్షరాలతో ‘గూస్ పట్రోల్’ అని, అంటే బాతుల కాపలా అని, రాసి ఉంటుంది. దాన్ని నాకు తొడిగినవాడు నా కన్నకొడుకు వేణుమాధవ్.

మావాడి ఇల్లు వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో. కాలనీలో నూట నలభై ఇళ్ళు, నడుమ ఒక చెరువు. చెరువంటే మరీ చెరువు కాదు, వాన నీళ్ళు నిలవడానికి బిల్డరు తవ్వించిన గుంట. మధ్యలో ఫౌంటెన్, చుట్టూ సిమెంటు బాట, బాటకి రెండు వైపులా తివాచీలా కత్తిరించిన పచ్చిక. ఆ పచ్చిక కోసమే బాతులు వచ్చి పడ్డాయి.

బాతులంటే మన వైపు గుంపులుగా తోలుకెళ్ళే బాతులనుకునేరు. ఇవి కెనడా గీస్. నల్లటి పొడుగు మెడ, గడ్డం కింద తెల్లపట్టీ, పన్ను నెప్పికి గుడ్డ కట్టుకున్నట్టు ఉంటాయి. మెడ సాచాయంటే మన నడుము దాకా వస్తాయి. ఎదురొస్తే పక్కకి తప్పుకోవు, మనమే తప్పుకోవాలి. కారు హారన్ కొడితే నడిరోడ్డు మీద ఆగి, మెడ తిప్పి, ‘ఏంటంట?’ అన్నట్టు చూసి మళ్ళీ తీరిగ్గా నడుస్తాయి. రోజంతా గడ్డి మేస్తాయి, రోజంతా రెట్ట వేస్తాయి. బాట మీద అడుగు తీసి అడుగు వేయాలంటే తాడు మీద నడిచినంత పని. పైగా వాటి మీద చెయ్యెత్తడానికి లేదు. చట్టం ఉందట. కొట్టకూడదు, పట్టకూడదు, అనుమతి లేకుండా గుడ్డు కూడా ముట్టకూడదు. నా సర్వీసులో మంత్రిగారి బావమరిదికి కూడా ఇంత రక్షణ చూడలేదు.

ఇక్కడ ప్రతి కాలనీకీ హెచ్ఓఏ అని ఒక సంఘం ఉంటుంది. ఒకనాటి వీడియో మీటింగులో మావాడు మైకు ఆపడం మర్చిపోయి, పక్కన కూర్చున్న పెళ్ళాంతో “ఈ గీస్ సంగతి ఎవరో ఒకరు చూడాలి” అని ఇంగ్లీషులో గట్టిగా అన్నాడు. అంతే, ఆ ఎవరో ఒకరు నువ్వే అన్నారు. అలా నా కొడుకు గూస్ కమిటీ చైర్మన్ అయ్యాడు.

ఇదంతా ఒక ఎత్తు. అసలు కథ మార్చి నెలలో, మా ఆవిడ తద్దినం నాడు మొదలైంది.

మా ఆవిడ పేరు నాగమణి. పోయి రెండేళ్ళు. అమెరికా వీసా స్టాంపు పడిన పదకొండో రోజున నిద్రలోనే పోయింది. చెప్పాపెట్టకుండా పోవడం ఆమె తత్వం కాదు. పక్కింటికి వెళ్ళినా పది జాగ్రత్తలు చెప్పి వెళ్ళే మనిషి. ఆ పది జాగ్రత్తల్లో తొమ్మిది నా పంచదార గురించే ఉండేవి. నాకు షుగరుంది, కాఫీలో రెండు చెంచాలు లేనిదే నాకు తెల్లవారదు. నలభై నాలుగేళ్ళ కాపురంలో మేం వేరే దేని గురించైనా పోట్లాడుకున్నామా అంటే నాకు గుర్తు లేదు.

ఆ రోజు వేణు ఆఫీసుకి రెండు గంటలు సెలవు పెట్టి, పంచె కట్టి, చలికి పైన జాకెట్ వేసుకుని కూర్చున్నాడు. ఫోన్‌లో పంతులుగారు మంత్రం చెప్పారు. అంతా అయ్యాక కాకి ముద్ద తీసుకెళ్ళి ఇంటి వెనక పచ్చిక మీద, అరిటాకు ముక్కలో పెట్టి నిలబడ్డాం. కాకి వస్తేనా? ఈ ఊళ్ళో కాకులు లేవని కాదు. ఇండియన్ స్టోరు వెనక చెత్త డబ్బా మీద ఎప్పుడూ మీటింగు పెట్టుకునే ఉంటాయి. పిలిచినప్పుడు మాత్రం రావు. ఇరవై నిమిషాలైంది. ముక్కులు ఎర్రబడ్డాయి.

కోడలు విజయశ్రీ మెల్లిగా అంది. “మావయ్యగారూ, అత్తయ్యకి ఏదో కోరిక మిగిలిపోయుంటుంది. మాటిస్తే గానీ ముట్టరు.”

అది మనకి తెలిసిన సంగతే కదా. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకి ఇంకా ఏదో తీరలేదని, ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే నిలబడి ఫలానాది చేస్తాం అని పైకి చెబుతారు.

“అమ్మా, వెయిట్ తగ్గుతా. రేపట్నించే జిమ్‌కి వెళ్తా” అన్నాడు వేణు. ఏమీ రాలేదు.

“అత్తయ్యా, మీ గాజులు లాకర్‌లో పడెయ్యను, వేసుకుంటా” అంది విజయశ్రీ. ఉహుఁ.

“నానమ్మా, నేను తెలుగు క్లాస్ స్కిప్ చెయ్యను. ప్రామిస్” అంది తొమ్మిదేళ్ళ మనవరాలు ఇషిత. ఫౌంటెన్ చప్పుడు తప్ప మరేం లేదు.

ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను ఆకాశం వైపు చూశాను. ఎంతసేపని చూస్తాను? “సరేనే తల్లీ” అన్నాను చివరికి. “కాఫీలో పంచదార మానేస్తాను. ఇవాళ్టి నుంచే.”

నా నోట్లో మాట నోట్లో ఉండగానే చెరువులోంచి ఒక బాతు గట్టెక్కింది. కుడికాలు కాస్త ఈడుస్తూ, నాగమణి మోకాళ్ళ నెప్పితో ఎలా నడిచేదో అలాగే, మా నలుగురి మధ్య నుంచి దారి చేసుకుని వచ్చి, ముద్ద మొత్తం మెతుకు మిగలకుండా తినేసింది. తిని, తలెత్తి, మిగతా ముగ్గుర్నీ వదిలేసి నన్నొక్కణ్ణే చూస్తూ ‘హిస్స్’ మని బుస కొట్టింది.

“ఏం వచ్చిందండీ?” అన్నారు ఫోన్‌లో పంతులుగారు.

“బాతు, గురువుగారూ.”

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. “పక్షే కదా, కానివ్వండి. నాకు టెక్సాస్‌లో ఇంకో తద్దినం ఉంది” అని పెట్టేశారు.

లోపలికొచ్చాక నా మొహం చూసి వేణు నవ్వాడు. “నాన్నా, డోంట్ స్టార్ట్. అది గూస్. రాయి పెట్టినా తింటుంది.”

నాకు తెలిసింది నాకు తెలుసు.

ఇక నా నేరం వినండి. పంచదార నిజంగానే మానేశాను, మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున్నే అందరికంటే ముందు లేచి, డబ్బా మూత చప్పుడు కాకుండా తీసి, రెండు చెంచాలు వేసుకున్నాను. కాఫీ పట్టుకుని వెనక తలుపు దగ్గరికి వస్తే ఏముంది? అద్దానికవతల నాగమణి. మెడ నిక్కించి, నా కప్పులోకే చూస్తోంది. నాకు ముచ్చెమటలు పోశాయి. గబగబా రాత్రి మిగిలిన పప్పన్నం ముద్ద కలిపి తీసుకెళ్ళి పెట్టాను. తిని, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. సర్వీసు మొత్తం మీద ఒక్క లంచం ముట్టనివాణ్ణి, ఇక్కడ రోజూ లంచం ఇవ్వడం మొదలుపెట్టాను.

నాగమణి ఒక్కతే ఎక్కడికైనా వెళ్ళే రకమా? బతికుండగా గుడికెళ్ళినా వీధి వీధంతా వెంట ఉండాల్సిందే. వారం తిరిగేసరికి వెనకాల ఆరుగురు వచ్చారు. తర్వాత పదిహేను. ఏప్రిల్ వచ్చేసరికి చెరువు గట్టున అరవై మూడు బాతులు పంక్తి తీరి కూర్చున్నాయి.

కమిటీవాళ్ళు చేయనిది లేదు. ప్లాస్టిక్ నక్కను తెచ్చి నిలబెట్టారు, ఒక బాతు వెళ్ళి దాని నీడలో కునుకు తీసింది. మెరిసే రిబ్బన్లు కట్టారు, గాలికి తెగి విజయశ్రీ గులాబీలకి చుట్టుకున్నాయి. వేణు గవర్నమెంటు వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుని, గూళ్ళలో గుడ్లకి మొక్కజొన్న నూనె పూసి వచ్చాడు. నూనె రాస్తే పిల్ల కాదట. తండ్రి బాతు మీదికి రాకుండా పక్కన గొడుగు అడ్డం పట్టుకుని నిలబడింది నేనే. నాగమణికి గూడూ గుడ్లూ లేవు. అందరి గూళ్ళ దగ్గరికీ వెళ్ళి పెత్తనం చేయడమే దాని పని.

ఏప్రిల్ మధ్యలో క్లబ్‌హౌస్‌లో మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు డెబ్రా అని రిటైరైన పళ్ళ డాక్టరు. రెట్ట మీద జారి పడి కుడి మణికట్టు విరిగింది పాపం, కట్టుతోనే వచ్చింది. ఆవిడ పక్కన పక్షుల సంగతి తెలిసిన ఒకావిడ కూర్చుంది. ఆవిడ చెప్పింది వేణు నాకు తెలుగులో చెవిలో చెప్పాడు. జూన్ నడిమికి వీటి రెక్కల ఈకలు రాలిపోయి నెలపాటు ఎగరలేవట. పిల్లల్లేని బాతులు మామూలుగా మే నెలాఖరుకే ఉత్తరానికి ఎగిరిపోయి అక్కడ ఈకలు రాల్చుకుంటాయట. “కానీ ఇక్కడివి కదలవు” అంది ఆవిడ. “ఎవరో వీటికి తిండి పెడుతున్నారు. కూర్చున్న చోటికి అన్నం వస్తుంటే ఎవరు మాత్రం వెళ్తారు?”

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నేను సీలింగు ఫ్యాను చూశాను.

డెబ్రా తీర్మానం చదివింది. జూన్ ఒకటో తేదీకి చెరువు దగ్గర ఇరవై కంటే ఎక్కువ బాతులుంటే, ఈకలు రాలగానే బాతుల్ని పట్టే కంపెనీవాళ్ళు వచ్చి వల కట్టి అన్నింటినీ పట్టుకెళ్తారు. చేతులెత్తారు, పాసైపోయింది.

ఆ పూట భోజనాల దగ్గర అడిగాను. “పట్టుకెళ్ళి ఎక్కడ వదుల్తార్రా?”

వేణు కంచంలోకి చూస్తూ అన్నాడు. “వదలరు నాన్నా. చంపేస్తారు.”

నేను చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాను. వాడు కూడా సగం చపాతీ వదిలేసి లేచాడు. ఆకలి లేదేమో అనుకున్నాను. ఎక్సైజు వాణ్ణి, అప్పుడే పసిగట్టాల్సింది.

తిండి పెట్టే దొంగని పట్టుకోవాలని కమిటీ ఒక కెమెరా కొంది. ఎదురుగా ఏది కదిలినా మాటలతో సహా వీడియో తీసే కెమెరా. దాన్ని ఎవరు చూసుకోవాలి? “మా నాన్న ఎక్సైజ్ ఆఫీసర్. థర్టీ ఇయర్స్ రెయిడ్స్ చేశాడు” అన్నాడు నా సుపుత్రుడు. డెబ్రా ఎడమచేత్తోనే నా చెయ్యి ఊపి, నారింజ చొక్కా ఇచ్చింది. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది నాకు.

ఆపేద్దామనే అనుకున్నాను, నమ్మండి. ఆపకపోతే దాన్ని చంపుతారు. కానీ పొద్దున్నే అది అద్దం దగ్గర నిలబడితే చేతులు ఊరుకుంటేనా? సగం ముద్దకి తగ్గించాను. పంచదార కూడా ఒక చెంచాకి తగ్గించాను. వేణు జిమ్‌కి వెళ్ళి, స్నానం చేసి, ఆఫీసుకి బయల్దేరాక ఎనిమిదింటికి పెట్టేవాణ్ణి. కెమెరాలో పడితే చెరిపేది నేనే కదా అని ధైర్యం.

మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఆ వీడియోలు ముందేసుకుని కూర్చున్నాను. నేనున్నవి ఏరి చెరిపేద్దామని. మొదటిదే తెరిచాను. పొద్దున ఆరున్నర. నేను ఆ టైముకి స్నానంలో ఉంటాను. ఎవడో ఒకడు, జిమ్ బ్యాగు భుజాన వేసుకుని, అటూ ఇటూ చూసి గట్టు దిగాడు. మావాడే!

బ్యాగులోంచి స్టీలు డబ్బా తీశాడు. తడి గడ్డిలో చతికిలబడి కూర్చున్నాడు. నాగమణి కుంటుకుంటూ వచ్చింది.

“అమ్మా, రా. ఉప్మా” అన్నాడు. “జీడిపప్పు నీకే ఏరి తెచ్చా.”

నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. అది తింటోంది, వీడు మాట్లాడుతున్నాడు.

“అదిగో, బ్లూ డోర్ ఉంది చూడు, మన ఇల్లు. కింద బెడ్‌రూమ్ ఉన్న ఇల్లే కావాలని ఏడాది వెతికా. నీకు మెట్లు పడవని. ఇప్పుడు నాన్న పడుకుంటున్నాడులే అందులో.” డబ్బా అడుగున మిగిలిన ఉప్మా కూడా దులిపాడు. “నాన్న పంచదార వేసుకుంటున్నాడమ్మా. చాటుగా. డబ్బాలో లెవెల్ తగ్గితే నేనే మళ్ళీ నింపుతున్నా, విజయ కంట పడకుండా. అడిగితే చిన్నబుచ్చుకుంటాడు. నువ్వే ఏదో ఒకటి చెప్పు.”

ముందు ఒళ్ళు మండిపోయింది. ఎంత ధైర్యం! నా కొడుకు నా మీద నా పెళ్ళానికే చాడీలు చెబుతాడా! జిమ్ అని చెప్పి వీడు చేసే నిర్వాకం ఇదా! నేను తిండి సగానికి తగ్గించానని బాధపడుతుంటే, మిగతా సగం వీడు జీడిపప్పు వేసి మరీ పూడుస్తున్నాడా!

తర్వాత మళ్ళీ చూశాను. మళ్ళీ చూశాను. వాడు ‘అమ్మా’ అన్న దగ్గర వెనక్కి తిప్పి తిప్పి చూశాను. దహనం నాడు కూడా వాడు ఏడవలేదు. ఆ రోజు నుంచి వాడి నోట ఆ పిలుపు తద్దినం నాడు తప్ప వినలేదు నేను. పని వాళ్ళకి అన్నీ పురమాయించాడు, అందరికీ ఫోన్లు చేశాడు, పన్నెండో రోజున లాప్‌టాప్ తెరిచాడు. రాయి అనుకున్నాను వాణ్ణి. ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చుని ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, రేపటి రెయిడుకి సిద్ధమయ్యాను.

మర్నాడు ఆరుంబావుకే నారింజ చొక్కా తొడుక్కుని పైను చెట్టు వెనక మాటు వేశాను. వాడొచ్చాడు. డబ్బా మూత తీశాడు.

“కదలకు!” అని గావుకేక పెట్టాను. పాత గొంతే, ఎక్కడికీ పోలేదు.

డబ్బా ఎగిరి గడ్డిలో పడింది. వాడు లేవబోయి రెట్ట మీద జారి మళ్ళీ కూలబడ్డాడు. “నాన్నా! నువ్వేంటిక్కడ?”

“డ్యూటీలో ఉన్నాను. ఏంట్రా అది?”

“అది… యాక్చువల్లీ… లెఫ్టోవర్స్.”

“జీడిపప్పు ఏరి తెచ్చిన లెఫ్టోవర్సా?”

వాడి మొహం తేలు కుట్టిన దొంగ మొహంలా అయింది. కెమెరా ఉన్న చెట్టు వైపు చూసి, నా వైపు చూసి, “ఇక్కడి దాకా కనిపించదనుకున్నా. సౌండ్ కూడా వస్తుందా అందులో?” అన్నాడు చిన్నగా.

“శుభ్రంగా వస్తుంది. పంచదార దాకా విన్నాను.”

మా ఇద్దరి మధ్యా నాగమణి నింపాదిగా ఒలికిన ఉప్మా తింటోంది. వాడి పక్కన నేనూ గడ్డిలో కూర్చున్నాను. కూర్చునేముందు చూసుకుని కూర్చున్నాను లెండి.

“రాయి పెట్టినా తింటుందన్నావుగా. మరి నువ్వెందుకొచ్చావ్?”

“ఏమో నాన్నా. ఫస్ట్ డే జిమ్‌కే బయల్దేరా. ఇది కార్‌కి అడ్డంగా నిలబడింది. హారన్ కొట్టలేకపోయా.” కాసేపు గడ్డి పీకాడు. “నువ్వు కూడా పెడుతున్నావా?”

“ఎనిమిదింటికి.”

“అంటే రెండు షిఫ్టులు” అన్నాడు. ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వి నవ్వి వాడు కళ్ళు తుడుచుకున్నాడు. అవి నవ్వు నీళ్ళు కావని నాకు తెలుసు. వాడి వీపు మీద చెయ్యి వేశాను.

“ఒరే, మనం పెడితే దాన్ని చంపుతార్రా” అన్నాను.

“తెలుసు నాన్నా.”

“మరి?”

“నువ్వు ఆపితే నేనూ ఆపుతా.”

ఆ ఆదివారం మీటింగులో డెబ్రా “దొంగ దొరికాడా మిస్టర్ రావ్?” అని అడిగింది. లేచి నిలబడి, నాకొచ్చిన ఇంగ్లీషులో, “దొరికాడు మేడమ్. నేనే” అన్నాను. వేణు సంగతి చెప్పకూడదనే అనుకున్నాను. చైర్మన్ కదా, పరువు. కానీ నా పక్కన కుర్చీ కిర్రుమంది. వేణు లేచి నిలబడ్డాడు. “నేను కూడా” అన్నాడు. ఎందుకు పెట్టామో, తద్దినం ఏమిటో, కాకి ముద్ద ఏమిటో, కాకి రాకపోతే ఏం చేస్తామో, అన్నీ వాడే ఇంగ్లీషులో చెప్పాడు.

డెబ్రా కట్టు వేసిన చేతి వైపు ఒకసారి చూసుకుంది. “అయితే ఈ కాలనీలో గీస్‌ని పెంచి పోషించింది గూస్ కమిటీయేనన్నమాట” అంది. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ నవ్వలేదు. ఇరవై అంటే ఇరవయ్యే, జూన్ ఒకటంటే ఒకటే, ఈ లోపల వాటిని వెళ్ళగొట్టే పని మీ తండ్రీకొడుకులదే అంది. గట్టు వెంట గడ్డి కోయడం మాత్రం ఆపిస్తానంది. ఎత్తు గడ్డిలో ఏముందో కనపడక బాతులకి భయమట.

ఆ మే నెల నేను పడ్డ కష్టం పగవాడికి కూడా వద్దు. ముద్ద ఆపేశాం. పొద్దున, మధ్యాహ్నం నేను, సాయంత్రం వేణు గట్టు చుట్టూ తిరుగుతూ తరిమాం. బాతులకి హఠాత్తుగా తెరుచుకునే గొడుగంటే హడలని ఆ పక్షులావిడ చెప్పింది. ఒంగోలు నుంచి తెచ్చుకున్న నల్లగొడుగు పట్టుకుని, దగ్గరికెళ్ళి ఫటామని తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం. అటుగా వెళ్ళేవాళ్ళు ఎండ లేదు వాన లేదు ఈ ముసలాయనకేమైందని చూసేవాళ్ళు. అరవై మూడు కాస్తా యాభై అయ్యాయి, నలభై అయ్యాయి.

కానీ నాగమణి కదల్లేదు. గొడుగు తెరిస్తే, మూసేదాకా ఓపిగ్గా నిలబడి, ముందుకొచ్చి నా చొక్కా అంచు పీకేది. పొద్దున్నే అద్దం మీద ముక్కుతో టకటకా కొట్టేది. నేను కర్టెన్ లాగేసి, కాఫీ కప్పుతో గోడ వైపు తిరిగి కూర్చునేవాణ్ణి. అవతల అది ఆకలితో నిలబడి ఉంటే ఇవతల నాకు కాఫీ దిగేది కాదు. మే ముప్పై ఒకటిన లెక్కపెడితే ముప్పై నాలుగు. అది ఎక్కడుంటే మిగతావి అక్కడే. అది వెళ్తేనే అన్నీ వెళ్తాయి. మర్నాడు పొద్దున పదింటికి డెబ్రా లెక్కకి వస్తుంది.

ఆ పొద్దున ఆరున్నరకే నేనూ వేణూ గట్టు మీద నిలబడ్డాం. నాగమణి మా కాళ్ళ దగ్గరే ఉంది. గొడుగు తెరిచాను, మూశాను. లాభం లేదు.

“ఏం చేద్దాం నాన్నా?” అన్నాడు వాడు.

అప్పుడు తట్టింది నాకు. ఆ రోజు అది వచ్చింది మాట కోసం. మాట తప్పిన మనిషిని వదిలి ఎలా వెళ్తుంది? నలభై నాలుగేళ్ళలో ఒక్కసారైనా వెళ్ళిందా? ఆ పొద్దున కూడా నా కాఫీలో ఒక చెంచా పడింది.

“ఇంట్లోకెళ్ళి పంచదార డబ్బా తీసుకురా” అన్నాను.

వాడు ఎందుకని అడగలేదు, పరిగెత్తాడు. డబ్బా నా చేతికిచ్చాడు. నేను దాన్ని మళ్ళీ వాడి చేతుల్లోనే పెట్టి, తడి గడ్డిలో నాగమణి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

“చూడవే” అన్నాను. “నీ కొడుకు నీకు చెప్పింది నిజమే. మూడు రోజుల కంటే ఉండలేకపోయాను. నువ్వు లేకుండా కాఫీ తాగడమే నా వల్ల కాలేదు, ఇంక అదీ లేకుండా ఎలా తాగను? అయినా సరే. ఇవాళ్టి నుంచి ఒక్క పలుకు వేసుకోను. వీడు సాక్షి. నువ్వు నా కోసం ఇక్కడే ఉంటే నిన్ను చంపేస్తారే. వెళ్ళు. దయచేసి వెళ్ళు.”

“నేను చూసుకుంటానమ్మా నాన్నని” అన్నాడు వేణు నా వెనక నుంచి. “ఈసారి డబ్బా నింపను. ప్రామిస్.”

అది మెడ ఒక పక్కకి వంచి నన్ను చూసింది. చాలాసేపు చూసింది. నేను కళ్ళు మూసుకుని, దాని మొహం ముందే గొడుగు ఫటామని తెరిచాను. హిస్స్ మంది. కుంటుకాలితోనే నాలుగడుగులు పరిగెత్తింది, నీళ్ళ మీద టపటపా కొట్టుకుంటూ లేచింది. దాని వెనక మిగతా ముప్పై మూడూ ఒకే అరుపుతో లేచాయి. ఇళ్ళ కప్పుల మీద ఒక చుట్టు తిరిగి, ఉత్తరం వైపు వెళ్ళిపోయాయి. కనపడకుండా పోయేదాకా వాడు నా భుజం పట్టుకునే ఉన్నాడు.

మే నెలాఖరుకి ఎలాగూ వెళ్తాయని ఆ పక్షులావిడ ముందే చెప్పిందిగా అంటారు మీరు. ఆవిడకి తెలిసింది ఆవిడ చెప్పింది.

పదింటికి డెబ్రా వచ్చి ఖాళీ చెరువు చూసింది. గొడుగు పుచ్చుకుని నిలబడ్డ నన్ను చూసింది. నా కళ్ళు చూసి ఏమనుకుందో, లెక్క కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “ఆవిడ క్షేమంగా చేరుతుందిలెండి” అంది. నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను.

ఇప్పుడు జూన్ నెలాఖరు. బాట శుభ్రంగా ఉంది. పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. నాకు మాత్రం పొద్దుటి పూట ఆ గట్టు వైపు చూడబుద్ధి కాదు. వేణు నిజంగానే జిమ్‌కి వెళ్తున్నాడు. ఇరవై ఆరు రోజులుగా నేను పంచదార ముట్టలేదు. ఆ కషాయాన్ని కాఫీ అనడానికి నోరు రాదు గానీ, తాగుతున్నాను.

నిన్న ఇంట్లో ఎవరూ లేరు. విజయశ్రీ ఇషితని ఈతకి తీసుకెళ్ళింది. కాఫీ కలుపుకున్నాను. డబ్బా ఎదురుగా ఉంది. ఒక్క చెంచా, ఒక్కటంటే ఒక్కటి. ఉత్తరాన ఎక్కడో ఉంది, దానికేం తెలుస్తుంది అనుకున్నాను. అటూ ఇటూ చూసి, మూత చప్పుడు కాకుండా తీసి, చెంచా ముంచాను.

“కావ్!”

ఉలిక్కిపడి తిరిగి చూశాను. వెనక తలుపు అవతల, చెక్క అరుగు కమ్మీ మీద, కాకి. మార్చిలో చలిలో అంతసేపు నిలబెట్టినా రానిది, ఇప్పుడు పిలవకుండా వచ్చి, మెడ ఒక పక్కకి వంచి, నా చెంచా వైపే చూస్తోంది.

“వేసుకోలేదే బాబూ, వేసుకోలేదు” అని మూత పెట్టేశాను.